గోడలకు నెమ్ము, స్లాబు పెచ్చులు ఊడుతున్నయి, ఓనర్ ఏడాది సంది తిప్పుతుండు – కేసు వేయాలంటే ముందుగాల ఏం సిద్ధం చేసుకోవాలె?

కిరాయింటి_కోడలు (నల్గొండ)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చదవండి. మాది నల్గొండలనే దేవరకొండ రోడ్డు సైడు ఒక కాలనీ, కింది పోర్షన్ల కిరాయికి ఉంటున్నం, రెండున్నరేండ్లు దాటింది. కిరాయి 6500, అడ్వాన్స్ 20 వేలు ఇచ్చినం. పైన ఓనరోళ్లే ఉంటరు. అగ్రిమెంటు నా పేరు మీదనే ఉంది ఎందుకంటే మా ఆయన హైదరాబాద్‌ల క్యాబ్ నడుపుతడు, వారానికొకసారి వస్తడు, ఇక్కడ స్కూల్ల చెప్పుకుంట పిల్లలతోని ఉండేది నేనే.

చేరిన ఆరు నెలలకే బెడ్రూం మూలకు నెమ్ము మొదలైంది. మొదలు చెయ్యంత మచ్చ, ఇప్పుడు సగం గోడ. సున్నం పొరలు పొరలుగ లేస్తది, ఎంత తుడిచినా బూజు వాసన పోదు, బీరువల పెట్టిన పెండ్లి చీరకు మచ్చలు పడ్డయి, చెప్తే ఏడుపొస్తది. పోయిన వానకాలంల స్లాబు పెచ్చు ఊడి సరిగ్గ పిల్లోడు పండుకునే మంచం మీద పడ్డది, దేవుని దయ వాడు అప్పుడు వాకిట్ల ఆడుకుంటుండె. లోపల చువ్వ కనిపిస్తుంది తుప్పు పట్టి. ఆ గోడకున్న స్విచ్చు బోర్డు ముట్టుకుంటే జుమ్మంటది, కర్రతోని వేస్తున్నం. ఇది చాలదన్నట్టు సెప్టిక్ ట్యాంకు నిండి వెనక సందుల పారుతది, బోరు దానికి ఆరేడు అడుగుల దూరంలనే ఉంది, నీళ్లు ఒక్కోసారి వాసన వస్తున్నయి. చిన్నోడికి దగ్గు పోతనే లేదు, రెండు సార్లు నెబులైజర్ పెట్టించినం.

అడిగినప్పుడల్లా ఒక వాయిదా. మొదలు వానలు తగ్గనియ్ అన్నడు, తర్వాత బతుకమ్మ పోనియ్ అన్నడు, తర్వాత మూఢం ఉంది పని పెట్టొద్దు అన్నడు (గోడకు సిమెంటు పెట్టనీకె మూఢం ఏందో నాకైతే తెల్వదు), సంక్రాంతి కూడ పోయింది. మనిషి చెడ్డోడు కాదు, అదే నా బాధ, వాళ్ల అమ్మ అయితే, మేం పెద్దమ్మ అంటం, మా పిల్లలను మస్తు మంచిగ చూస్తది, లొల్లి పెట్టుకుందామంటే నోరు రాదు. కానీ పోయిన నెల ఖాళీ చేస్తం అడ్వాన్స్ ఇయ్యండి అంటే గోడలు మీరే ఖరాబు చేసిన్రు, రంగులకు పట్టుకుంట అన్నడు. అది విన్నాక ఇగ ఊరుకోబుద్ధి అయితలేదు.

కేసు వేయాలంటే ఎక్కడ వేయాలె, ఏమేం కాయితాలు పెట్టుకోవాలె, లాయర్ కాడికి పోయేముందే నేను చేసుకోగలిగేది ఏంది? తెలిసినోళ్లు చెప్పండి.

గడియారం_సెంటర్

అక్కా ఇంత ఆలోచన ఎందుకు, కిరాయి బంద్ చెయ్. మూడు నెలలు ఇయ్యకుంటే అడ్వాన్స్ వసూలైనట్టే, తర్వాత సామాన్ సర్దుకొని పోవుడే. అదీ కాదంటే కన్స్యూమర్ ఫోరంల వెయ్, ఫీజు కూడ పెద్దగ ఉండదు. లేదంటే పోలీస్ స్టేషన్ల ఒక కంప్లైంట్ పడేస్తే వాడే ఉరుక్కుంట వస్తడు.

మూసీ_ఒడ్డు (మిర్యాలగూడ)

పై తమ్ముడు చెప్పింది మాత్రం చెయ్యకు అక్కా, నేను చేసి మునిగిన. మా ఇంట్ల కూడ ఇదే కథ, వంటింట్ల పైనుంచి కారుడు, నేను కోపంల నాలుగు నెలలు కిరాయి ఆపిన. ఆయన ఏం చేసిండు, ఇంటి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండ కిరాయి ఇస్తలేడు ఖాళీ చెయ్యమని నోటీసు పంపిండు. అప్పటిదాక నేను బాధితున్ని, ఆ రోజు సంది బాకీదారుని. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న అదే, కిరాయి కట్టినవా లేదా అని. కారుతున్న ఫోటోలు నా ఫోన్ల 60 ఉన్నయి, ఒక్కటి కూడ ఎవరు అడగలె. చివరికి నాలుగు నెలల కిరాయి కట్టి, అడ్వాన్స్ వదులుకొని బయటపడ్డ.

కోర్టు_గుమాస్తా

చెల్లె, నేను ప్లీడరు గారి కాడ గుమాస్తాగ 30 ఏండ్లు చేసి మానుకున్న, లాయర్‌ను కాను, ఫైళ్లు కుట్టినోన్ని. నా అనుభవంల కిరాయి కేసులు కోర్టుల ఓడిపోవు, కోర్టుకు రాకముందే ఓడిపోతయి. కాబట్టి నువ్వు ముందుగాల అడిగింది మంచిదే.

మొదలు పై తమ్ముడు చెప్పినయి తీసి పక్కకు పెడదం. కిరాయి ఆపకు, ఆ సంగతి మిర్యాలగూడ ఆయన చెప్పిండు. కన్స్యూమర్ కమిషన్ల మామూలు ఇంటి కిరాయి తగాద నిలబడదు, ఇల్లు కిరాయికి ఇచ్చుడు సేవ కిందికి రాదంటరు. పోలీసులు ఇది సివిల్ పంచాయితీ అని పంపిస్తరు, బెదిరించినా తాళం వేసినా సామాన్ బయట పడేసినా అప్పుడు పోవాలె, అంతకుముందు కాదు.

ఇగ ఎక్కడ వేయాలె అన్నది. అందరు రెంట్ కంట్రోలర్ రెంట్ కంట్రోలర్ అంటరు, అంటే కిరాయి తగాదలు చూసే కోర్టు. మనకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉన్నది నిజమే, దాంట్ల కిరాయిదారుకు కొన్ని రక్షణలు కూడ ఉన్నయి. కానీ 2005ల సవరణ చేసి కార్పొరేషన్ ఏరియాలల్ల నెలకు 3500, మిగతా కాడ 2000 దాటిన కిరాయి ఇండ్లను ఆ చట్టం బయటికి తీసేసిన్రు, కట్టి 15 ఏండ్లు కాని బిల్డింగులు కూడ దాని కిందికి రావు. ఇప్పుడు 2000కు ఇల్లు ఎక్కడిది, పశువుల కొట్టం కూడ రాదు. అంటే నీ 6500 ఇంటికి నడిచేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, పోవాల్సింది మామూలు సివిల్ కోర్టుకు. 2021ల కేంద్రం ఒక కొత్త కిరాయి చట్టం తెచ్చిందని పేపర్ల చదివినోళ్లు దాని పేరు చెప్తరు, అది నమూనా మాత్రమే, రాష్ట్రం తీసుకుంటెనే చట్టమైతది, దాని మీద ఆశ పెట్టుకోకు.

ఆ 1882 చట్టంల 108వ సెక్షన్ నీకు పనికొచ్చేది. దాంట్ల ఏమున్నదంటే, ఓనర్ చేయించాల్సిన రిపేరు నోటీసు ఇచ్చినా తగినంత టైంల చేయించకపోతే కిరాయిదారే చేయించుకొని ఆ ఖర్చు వడ్డీతోని కిరాయిల కోసుకోవచ్చు. ఇది చదివి ఎగిరి గంతెయ్యకు, మెలిక "చేయించాల్సిన" అన్న మాట కాడ ఉంది. మన దేశంల ఓనర్ ఇల్లు బాగుచేయించి తీరాలె అని దానంతట అది రాదు, అగ్రిమెంటుల రాసి ఉండాలె. కాబట్టి ఇప్పుడే లేచి బీరువల ఉన్న ఆ 100 రూపాయల బాండు పేపర్ తీసి చదువు. రిపేర్ల గురించి ఒక్క లైను ఏమన్న ఉందా, ఉంటే మాటకు మాట ఇక్కడ రాయి. ఇంకోటి, 11 నెలలకు రాసుకున్నదేనా, గడువు అయిపోయిందా? చాలామందికి తెల్వదు గాని ఏడాది దాటిన అగ్రిమెంటు రిజిస్టర్ చేయించకపోతే కోర్టుల దాని షరతులు చదవనియ్యరు, అందుకే అందరు 11 నెలలు రాసుకునేది, కానీ మన కాడ 1999 సవరణ సంది 11 నెలలదైనా రిజిస్టర్ చేయించాల్సిందే అంటరు.

కాయితాల సంగతి. కిరాయి చేతికి ఇస్తున్నవా ఫోన్‌పే కొడుతున్నవా? చేతికి ఇస్తుంటే ఈ నెల నుంచి బంద్ చేసి ఫోన్‌పే కొట్టు, నోట్ల ఫలానా నెల కిరాయి అని రాయి. వాట్సప్‌ల రిపేర్ గురించి పెట్టిన మెసేజులు, ఆయన వాయిస్ మెసేజులు ఒక్కటి కూడ తీసెయ్యకు, ఫోన్ మార్చకు, మార్చినా పాతది అమ్మకు. ఎందుకంటే 2024 జూలై 1 సంది వచ్చిన కొత్త సాక్ష్య చట్టంల 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ల ఉన్న ఫోటో గాని మెసేజ్ గాని కోర్టుల పెట్టాలంటే సర్టిఫికెట్ జత చేయాలె, అది రెండు భాగాలు, ఒకటి ఫోన్ నీది కాబట్టి నువ్వు సంతకం పెట్టేది, ఇంకోటి ఆ పని తెలిసిన ఎక్స్‌పర్ట్ పెట్టేది. స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసుకపోతే చాలు అనుకొని వచ్చినోళ్లను మస్తు మందిని చూసిన, ఆ ప్రింటు చిక్కుడు గింజలు కట్టుకోనీకె పనికొస్తది.

ఫోటోలు దగ్గర నుంచి తీస్తె అది గోడనా చంద్రమండలమా తెల్వదు. ముందు రూం మొత్తం, తర్వాత గోడ, తర్వాత మచ్చ, పక్కన స్కేలు పెట్టి. నెలకొకసారి అదే జాగల నిలబడి తియ్యి. పెచ్చు పడ్డ రోజు ఫోటో ఉంటే బంగారం. డాక్టర్ చీటీలు, చీరకు డ్రైక్లీనింగ్ బిల్లు, అన్నీ తేదీల వారీగ ఒక ఫైల్ల పెట్టు. ఒక నోటుబుక్కు పెట్టుకొని ఏ రోజు అడిగినవ్ ఏమన్నడు అని రాసుకో, ఆ మూఢం మాట కూడ రాయి.

అన్నిటికంటె పెద్ద సాక్ష్యం ఎవరో తెలుసా, నీకంటె ముందు ఆ ఇంట్ల ఉన్న కిరాయిదారు. ఆయన ఎందుకు ఖాళీ చేసిండు? నెమ్ము అప్పుడే ఉంటే ఓనర్‌కు తెలిసి కూడ నీకు చెప్పలేదన్నట్టు, అదే 108ల మొదటి మాట, తెలిసిన లోపం దాచొద్దని. పైనుంచి వేసి దాచిన కొత్త రంగు వాసన నీకు చేరిన రోజు రాలేదా యాది చేసుకో.

ఇదంతా చెప్పినంక ఒక చేదు మాట. అగ్రిమెంటు గడువు అయిపోతే నువ్వు నెల నెల కిరాయిదారువే, ఆయన 15 రోజుల నోటీసు ఇచ్చి ఏ కారణం చెప్పకుండ ఖాళీ చెయ్యమనొచ్చు. నువ్వు నోటీసు పంపిన వారానికి అది వస్తది, రాసి పెట్టుకో. నోటీసు వచ్చినంత మాత్రాన వెళ్లగొట్టలేడు, దానికి ఆయన కోర్టుకు పోవాల్సిందే, బలవంతంగ వెళ్లగొడితే ఆరు నెలల లోపల దావా వేసి మళ్ల లోపలికి రావచ్చు. కానీ ఆ ఇంట్లనే పదేండ్లు ఉంటననుకొని మాత్రం ఈ పనికి దిగకు. నీకు ఏం కావాలె? ఇల్లు బాగు కావాల్నా, అడ్వాన్స్ వాపస్ కావాల్నా, నష్టం పైసలు కావాల్నా? మూడూ కావాలంటే మూడేండ్లు తిరగాలె.

ఇంటి_ఓనర్_ఒకడు

అందరు కిరాయిదారు వైపే మాట్లాడుతున్నరు, నేను ఓనర్‌ను, నా మాట కూడ వినండి. రెండు పోర్షన్లు కట్టనీకె లోన్ తెచ్చిన, వచ్చే కిరాయి ఈఎంఐకి కూడ సరిపోదు. కిరాయికి వచ్చినోళ్లు బాత్రూంల బట్టల ముక్కలు, ప్యాడ్లు వేసి పైపులు జామ్ చేస్తరు, కిటికీలు ఇరవై నాలుగు గంటలు మూసుకొని లోపలనే బట్టలు ఆరేసి నెమ్ము వచ్చింది అంటరు. 6500కు బంగ్లా రాదు మేడం. ఇల్లు నచ్చకపోతే ఖాళీ చేయాలె గాని కోర్టు ఎందుకు.

అట్లని ఆ ఓనర్ చేసింది కరెక్ట్ అంటలేను. పెచ్చు ఊడి పిల్లల మంచం మీద పడ్డంక కూడ పండుగలు లెక్కపెట్టుడు తప్పే. నాకైతే ఎవరన్న నోటితోని కాకుండ కాయితం మీద రాసి ఇస్తే, మేస్త్రీ ఎస్టిమేట్ జత చేసి, ఇన్ని రోజుల్ల చేయించండి లేదంటే మేం చేయించి కిరాయిల కోస్తం అంటే, నేను ఆ రోజే కూసొని మాట్లాడుత. ఊకె మెట్ల మీద నిలబడి పైకి చూసుకుంట అరిస్తే ఎవరికైనా పట్టుదల వస్తది.

మూసీ_ఒడ్డు (మిర్యాలగూడ)

లోపల బట్టలు ఆరేస్తే చువ్వకు తుప్పు పడతదా సార్.

తాపీ_లెవెల్

సైట్ సూపర్‌వైజర్‌ను, నకిరేకల్ సైడు. కోర్టు సంగతి నాకు తెల్వదు గాని నెమ్ము సంగతి అడగండి. నెమ్ము అంటే ఒక్కటే రోగం కాదు అక్కా, మూడు రకాలుంటది, ఏ రకమో తెల్వకుండ కేసు వేస్తే అవతలోడు నువ్వే ఖరాబు చేసినవ్ అంటడు, నీ కాడ జవాబు ఉండదు.

కింద నేల నుంచి పైకి ఎక్కే నెమ్ము మోకాలు ఎత్తు, బాగైతే నడుము ఎత్తు దాక ఉంటది, తెల్లగ ఉప్పు పూస్తది, పునాది మీద నీళ్లు ఎక్కకుండ అడ్డం పొర వేయకపోతే వచ్చేది. అది పుట్టుకతోని వచ్చిన రోగం, కిరాయిదారుకు సంబంధమే లేదు. రెండోది మేడ మీద నుంచి దిగేది, వాన పడ్డ రెండు మూడు రోజులకు కనిపించి ఎండాకాలం ఆరిపోతది, పిట్టగోడ కలిసే కాడ పగులు ఉంటది చూడు అక్కడి నుంచి. మూడోది బాత్రూంది. అది వానతోని సంబంధం లేకుండ పన్నెండు నెలలు ఉంటది, ఒక మూల నుంచి గుండ్రంగ పెరుగుతది, సబ్బు వాసనో ఇంకేదో వాసన వస్తది. బాత్రూం కాడ స్లాబు కిందికి దించి పోస్తరు గదా, దాంట్ల నింపిన ఇటుక ముక్కలల్ల నీళ్లు చేరి ఎటూ పోలేక మెల్లగ కిందికి దిగుతయి.

చువ్వ సంగతి ఏందంటే తుప్పు పడితే ఉబ్బుతది, ఉబ్బి కాంక్రీటును నూకుతది, పెచ్చు ఊడుతది. అంటే నీళ్లు దిగవట్టి చాలా కాలం అయింది, ఒక వానకాలంల అయ్యే పని కాదు. మీరు చేరి రెండున్నరేండ్లే అంటున్నరు, చేరిన ఆరు నెలలకే మచ్చ అంటున్నరు. పెచ్చు ఊడిన జాగ ఫోటో చూస్తే ఏ ఇంజనీర్ అయినా ఇది పాత తుప్పు అని రాసిస్తడు. అది రాయించుకోండి, సంతకం, ముద్ర, తేదీతోని. ఊడిన పెచ్చు పారేసిన్రా? పారేయకుంటే కవర్ల కట్టి పెట్టుండ్రి.

నా ప్రశ్న ఒక్కటే, ఎండాకాలంల ఆ గోడ ఎండిందా లేదా? మీ బెడ్రూం మీద వాళ్లకు ఏమున్నది?

స్విచ్చు బోర్డు మాత్రం కేసు దాక ఆగేది కాదు. ఈ రోజే మెయిన్ బంద్ చేయించి ఎలక్ట్రీషియన్‌తోని ఆ బోర్డు లైను పీకించండి. 30 మిల్లీ ఆంప్స్ ట్రిప్ స్విచ్చు ఒకటి పెట్టిస్తే లీకేజ్ వస్తే అదే పడిపోతది. కర్రతోని వేసుడు ఏంది అక్కా, తడి కర్రకు కూడ కరెంటు వస్తది.

కిరాయింటి_కోడలు (నల్గొండ)

అందరికీ థాంక్స్, గుమాస్తా గారు మీరు చెప్పినట్టు బాండు పేపర్ తీసి చదివిన. 11 నెలలకే రాసినం, మళ్ల రాసుకోలేదు, కిరాయి మాత్రం తీసుకుంటనే ఉండు. ఏడో లైను ఇట్ల ఉంది: "చిల్లర రిపేర్లు కిరాయిదారు, పెద్ద రిపేర్లు యజమాని భరించవలెను". రెండున్నరేండ్ల సంది బీరువల ఉన్నది, ఒక్కసారి కూడ చదవలె చూడండి.

కిరాయి సగం ఫోన్‌పే సగం చేతికి ఇస్తుంటిమి, ఈ నెల నుంచి మొత్తం ఫోన్‌పే. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు తీసేసిండు, 850 తీసుకున్నడు, కాయితం మీద రాయించుకున్న.

తాపీ అన్నా, మీ ప్రశ్న చదివి అప్పటిసంది అదే ఆలోచన. ఏప్రిల్ల కూడ ఆ మూల తడిగనే ఉంది, మే నెల ఎండలల్ల కూడ చెయ్యి పెడితే సల్లగ తగిలేది, నేను ఏసీ లేని ఇంట్ల అదొక సుఖం అనుకున్న, నా తెలివి అట్లుంది. మా బెడ్రూం మీద వాళ్ల బాత్రూమే. ఇప్పుడు అర్థమైంది పొద్దున ఏడు దాటితే ఆ మూల ఎందుకు ఎక్కువ తడి అయితదో.

కోర్టు_గుమాస్తా

అయితే చెల్లె నీ కేసు రూపమే మారింది. ఇప్పటిదాక నేను ఓనర్ రిపేరు చేయించాల్నా వద్దా అన్న దగ్గర కొట్టుకుంటున్న. ఆ ఏడో లైను నీ దిక్కే ఉంది, కాయితం రిజిస్టర్ కాలేదని అవతలోడు అడ్డం పడొచ్చు గాని, గడువు అయినా కిరాయి తీసుకుంటుండు కాబట్టి పాత షరతులే నడుస్తున్నయని వాదించొచ్చు. కానీ అంతకంటె పెద్దది బాత్రూం. ఇది ఆయన ఇల్లు పాతదై కూలుడు కాదు, ఆయన వాడుకునే నీళ్లు నీ నెత్తి మీద పడుడు. కిరాయిదారు ఏ అడ్డం లేకుండ ఇల్లు అనుభవించే హక్కు అని ఒకటి ఉంది అదే 108ల, దాన్ని ఆయనే చెడగొడుతున్నడు. ఇంకో లెక్కల చూస్తే పక్కింటోడు నీ గోడ మీదికి మోరి నీళ్లు వదిలినట్టే, దానికి అగ్రిమెంటు కూడ అవసరం లేదు.

అదే టైంల ఇంకోటి గమనించు, నువ్వే చేయించి కిరాయిల కోసుకునుడు అన్నది ఇక్కడ పనికిరాదు. పై బాత్రూంలకు నీ మేస్త్రీని ఎట్ల పంపుతవ్? కింద నుంచి సిమెంటు పూస్తే పది రోజుల్ల మళ్ల ఊడుతది, ఖర్చు నీ మీద పడుతది. కాబట్టి దావల అడగాల్సింది బాత్రూం బాగుచేయించమని ఆర్డర్, అప్పటిదాక అయిన నష్టం, అడ్వాన్స్. కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే ఇల్లు చూసి రిపోర్టు ఇచ్చే లాయర్‌ను, పంపి ఇల్లు చూపించమని పిటిషన్ వేయొచ్చు, కానీ అవతలి ప్లీడరు వెంటనే ఏమంటడంటే ఆధారాలు పోగు చేసుకోనీకె కమిషనర్‌ను వాడుకుంటున్నరు అంటడు, చాలాసార్లు ఆ మాట నెగ్గుతది. నీ కాడ ముందే ఇంజనీర్ కాయితం, ఫోటోలు ఉంటే కమిషనర్ వచ్చేది అవి నిజమా కాదా చూడనీకె, ఒట్టి చేతులతోని పోతే ఇబ్బంది.

నోటీసు పంపే పద్ధతి. రిజిస్టర్ పోస్టు అని వెతుకకు, 2025ల దాన్ని స్పీడ్ పోస్టుల కలిపేసిన్రు, స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, చేరినట్టు రుజువు కావాలని కౌంటర్ల అడుగు. ఆయన పైననే ఉంటడు గదా చేతికి ఇస్త అనుకోకు, తీసుకోలేదు అంటడు. నోటీసుల తిట్లు వద్దు, మూఢం ఎగతాళి వద్దు. ఎప్పటిసంది, ఎక్కడ, ఎన్నిసార్లు చెప్పినవ్, ఏడో లైను, ఏం చేయాలె, 15 రోజులు, చేయకపోతే ఏం చేస్తవ్. అంతే.

సెప్టిక్ ట్యాంకుకు వేరే దారి, మున్సిపాలిటీల శానిటేషన్ వాళ్లకు రాసి ఇచ్చి రసీదు తీసుకో, పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణిల పెట్టు. ప్రజావాణి ఓనర్ తోని రిపేర్ చేయించదు గాని మున్సిపాలిటీని కదిలిస్తది. బోరు నీళ్లు టెస్టుకు ఇయ్యి. మన నల్గొండల నీళ్లు అనంగనే ఫ్లోరైడ్ ఒక్కటే అడుగుతరు, నువ్వు మలంతోని వచ్చే క్రిములు కూడ చూడమని చెప్పి రాయించు, లేకుంటే ఫ్లోరైడ్ చూసి బాగనే ఉన్నయి అని పంపిస్తరు.

పాలమూరు_బిడ్డ (మహబూబ్‌నగర్)

నాది న్యూటౌన్ సైడు, పోయినేడు ఇట్లాంటి పంచాయితీల పడ్డ కాబట్టి ఒక్క ముచ్చట చెప్త. అక్కా మీరు ఆడోళ్లు కాబట్టి ఆదాయంతోని పని లేకుండ ఉచిత లాయర్ వస్తడు, జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు 1987 చట్టంలనే ఉంది ఇది, ఎవరి దయ కాదు. నా పేరు మీద రాలేదు, మా ఆవిడ పేరు మీద అగ్రిమెంటు ఉంటే బాగుండె అనుకున్న.

అక్కడ దావా వేయకముందే కాయితం పెడితే ఇద్దరిని పిలుస్తరు, లోక్ అదాలత్‌ల కూసోపెడతరు. మాది అక్కడనే రాజీ అయింది. అయింది అంటే, "యజమాని రిపేరు చేయించుటకు ఒప్పుకున్నారు" అని రాసిన్రు, నేను సంబురంగ సంతకం పెట్టిన. ఎప్పటిలోగ అని రాయలె! నాలుగు నెలలు అయింది, అడిగితే చేయిస్త అన్న గదా కాదన్ననా అంటడు. అదాలత్ అవార్డు, అంటే ఆ రాజీ తీర్పు మీద అప్పీలు లేదు, అది కోర్టు డిక్రీతోని సమానం, కాబట్టి ఏం రాసుకుంటే అదే జిందగీ. మీరు సంతకం పెట్టేముందు తేదీ రాయించుకోండి, ఆ తేదీ దాటితే రోజుకు ఎంత, కిరాయిల ఎంత తగ్గిస్తడు, అడ్వాన్స్ ఏ రోజు వాపస్ అన్నీ రాయించుకోండి. పెద్దమనిషి మాట ఇచ్చిండు గదా అని వదిలెయ్యకండి, నేను గట్లనే వదిలేసిన.

తాపీ_లెవెల్

బాత్రూమే అని తేల్చుడు మస్తు అల్కగ అక్కా. హోలీకి నీళ్లల్ల కలిపే రంగు ఉంటది గదా, అది రెండు చెంచాలు బకెట్ నీళ్లల్ల కలిపి పై బాత్రూంల నీళ్లు పోయే జాలి దగ్గర మెల్లగ పోయాలె, తర్వాత ఒకటి రెండు రోజులు చూడాలె. మీ మూలకు ఆ రంగు దిగితే ఇగ మాట లేదు. ముగ్గుల రంగు తేవద్దు, అది కరగదు, అడుగుకు కూసుంటది. కష్టమల్లా పైకి ఎవరు పోయి పోస్తరు అన్నదే.

ఇంటి_ఓనర్_ఒకడు

ఇది మంచి పద్ధతి, నేను కూడ మా ఇంట్ల చూస్త. పైన నేను రాసింది జర గట్టిగ అనిపిస్తే ఏమనుకోకండి మేడం.

కిరాయింటి_కోడలు (నల్గొండ)

వారం అయింది, అప్‌డేట్ చెప్త. పాత కిరాయిదారు నెంబర్ కిరాణా కొట్టాయన కాడ దొరికింది, ఇప్పుడు సాగర్ రోడ్డు సైడు ఉంటున్నరంట. ఆమె ఫోన్ ఎత్తంగనే "బెడ్రూం మూల గురించేనా" అన్నది, నేను ఇంకా పేరు కూడ చెప్పలె. రాసిస్త అన్నది.

రంగు సంగతి. ఓనర్ డ్యూటీకి పోయినంక పెద్దమ్మ దగ్గర కూసొని ఉన్నది ఉన్నట్టు చెప్పిన, పెద్దమ్మా మీ బాత్రూం నీళ్లే మా పిల్లోని మంచం మీద పడుతున్నయి అనిపిస్తుంది, ఒక్కసారి చూద్దమా అని. ఆమె ఏమనలే, లేచి బకెట్ తెచ్చింది. ఆమె చేతులతోనే పోసింది. శనివారం పొద్దున పోస్తే ఆదివారం మధ్యాహ్నానికి మా మూలకు గులాబి రంగు చెమట లెక్క వచ్చింది, వీడియో తీసిన, మా ఆయన, పక్కింటి సార్ చూసిన్రు. సాయంత్రం ఓనర్ కిందికి వచ్చి పైకి చూసుకుంట పది నిమిషాలు నిలబడ్డడు, ఏం మాట్లాడలె, మేస్త్రీని మాట్లాడుత అన్నడు. నమ్మొచ్చునేమో గాని ఇప్పటికి ఐదు సార్లు నమ్మిన. పాలమూరు అన్న చెప్పింది యాదికొచ్చి నోటీసు పంపాలనే అనుకున్న, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు కూడ పోయి ఫారం నింపి వచ్చిన.

గుమాస్తా గారు, నోటీసుల రంగు పోసిన సంగతి రాయాలె గదా. ఎవరు పోసిన్రు అన్న కాడ పెద్దమ్మ పేరు రాయాల్నా వద్దా? రేపు మాట తిప్పుతరేమో అని ఒక దిక్కు భయం, ఆమెను ఇరికించినట్టు అయితదని ఒక దిక్కు.

కోర్టు_గుమాస్తా

పేరు రాయకు చెల్లె. తేదీ, టైము రాసి "మీ ఇంటివారి సమక్షంలో" అని రాయి, చదివినోనికి అర్థమైతది. వీడియో భద్రంగ పెట్టు, అవసరం పడితే కోర్టుల చూపిద్దం. అడ్వాన్స్ నీకు ఎట్లనైనా వస్తది, ఆమె మాత్రం కొడుకు ఇంట్లనే ఉండాలె గదా.